మరల తీసిన భయానక చిత్రము

ఒకసారి వినిన కథను మరల వినుట మనవారికి క్రొత్త కాదు. కీచకుడు నర్తనశాలలో చచ్చునని మా పాలకొల్లులో బడికి పోవు బాలునకు కూడ తెలియును. ఐనను ఆ నాటకము ఆడునప్పుడు, చీకటిలో ముసుగు తన్ని పరుండినవాడు భీముడని ఎరిగియు, కీచకుడు అడుగులో అడుగు వేసికొనుచు శయ్యను సమీపించువేళ సభ యెల్ల ఊపిరి బిగబట్టును. సౌప్తికపర్వమున అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవుల శిబిరమును నడిరేయి ప్రవేశించునని ఎరుగనివా రెవరు? తిక్కన సోమయాజి దానిని తెనిగించి ఏడు వందల ఏండ్లు దాటినది. నేటికిని పురాణము చెప్పువాడు ఆ గుడారపు ద్వారము కడకు వచ్చునప్పటికి వినువారి ఒడలు జలదరించును. కనుక కథ ముందే తెలిసియుండుట భయమునకు అడ్డము కాదు.

అటులయినచో, ఒకసారి జనమును గడగడ వణికించిన చలనచిత్రమును మరల తీసినప్పుడు అది పెక్కు పర్యాయములు చప్పబడుట కేమి కారణము? ఎప్పుడో ఒకప్పుడు అది మరల రక్తి కట్టుట కేమి కారణము? ఈ ప్రశ్నను నేడు శ్రోతల ముందు ఉంచి, నాకు తోచిన సమాధానమును మనవి చేసెదను.

భయానక చిత్రములలో ఒక తెగకు ఆంగ్లమున స్లాషర్ అని పేరు. కత్తివేటు చిత్రమని మనము చెప్పుకొనవచ్చును. ఇందు దయ్యము ఉండి తీరవలెనను నియమము లేదు. ఉండునది ఒక హంతకుడు. వాని ముఖము చాలవరకు మనకు కనబడదు. వాడు ఒకరి తరువాత ఒకరిని, అందులోను యౌవనమున నున్న స్త్రీలను, ఎంచుకొని వేటాడును. ప్రతి హత్యకును వానిది అని గుర్తించదగిన ఒక ముద్ర యుండును. తుదకు ఒక్కరు మిగిలి వానిని ఎదుర్కొందురు. కథ యొక్క కట్టుబాటు ఇంతియే.

ఈ తెగకు మూలపురుషుడని అనేకులు చెప్పునది 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన సైకో. తరువాత 1974లో టెక్సాస్ చైన్‌సా మాసకర్, బ్లాక్ క్రిస్మస్ అనునవి వెలువడినవి. 1978లో జాన్ కార్పెంటర్ హాలోవీన్ చిత్రమును తీసెను. 1980లో ఫ్రైడే ది థర్టీన్త్, 1984లో ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ వచ్చినవి. ఇవి యన్నియు స్వల్పముగనో అధికముగనో ధనము నార్జించినవే. కావుననే ఇరువది, ముప్పది ఏండ్ల తరువాత హాలీవుడ్ నిర్మాతలు వీనిని వరుసగా మరల తీయించిరి. టెక్సాస్ కథ 2003లో, బ్లాక్ క్రిస్మస్ 2006లో, హాలోవీన్ 2007లో, ఫ్రైడే ది థర్టీన్త్ 2009లో, నైట్‌మేర్ 2010లో పునర్జన్మ మెత్తినవి. పేరు పాతదగుటచే ప్రేక్షకుడు తలుపు కడకు వచ్చును. లోపలికి వచ్చిన పిమ్మట వాడు వణకునో ఆవులించునో, అది వేరు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక ప్రయోగశాలలో వలె సమాధానము చూపిన ఉదాహరణ మొకటి కలదు. 1998లో గస్ వాన్ సాంట్ అను దర్శకుడు సైకో చిత్రమును మరల తీసెను. కథను మార్చలేదు. జోసెఫ్ స్టెఫానో వ్రాసిన పాత చిత్రానువాదమునే చేకొనెను. బెర్నార్డ్ హెర్మన్ కూర్చిన వయొలిన్ సంగీతమునే వినిపించెను. దృశ్యములను కూడ దాదాపు ఒక్కొక్కటిగా మొదటి చిత్రము ననుసరించియే చిత్రీకరించెను. నలుపు తెలుపులకు బదులు రంగులు వచ్చినవి, నటులు మారిరి. ఫలితమేమి? మొదటి దానిని చూచి స్నానపు గదికి పోవుటకే వెరచిన జనము, రెండవ దానిని చూచి ఇది యెందులకు తీసిరి అని ప్రశ్నించిరి.

కథ తెలిసినందువలననే భయము పోయినదని కొందరనిరి. కాని కీచకవధ సంగతి మనము ఇంతకుముందే చూచితిమి. తెలిసిన కథయే అక్కడ భయపెట్టుచున్నది గదా. భేదము మరియొకచోట నున్నది. మన రంగస్థల నటుడు పద్యమును మార్చడు. కాని ఆ రాత్రి తన యెదుట నున్న సభను చూచి, రాగమును సాగదీయవలెనో తెంచివేయవలెనో, ఎచట ఆగవలెనో అప్పటికప్పుడు నిర్ణయించును. పద్యము పాతది, ఊపిరి క్రొత్తది. వాన్ సాంట్ చిత్రమున పద్యముతో పాటు ఊపిరిని కూడ పాతదానినే ఎరువు తెచ్చిరి. 1960 నాటి సభను ఉద్దేశించి హిచ్‌కాక్ ఆగినచోటనే 1998 నాటి దర్శకుడును ఆగెను. సభ మారినది, ఆగుట మారలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దోషము 2007 నాటి హాలోవీన్‌లో కానవచ్చును. కార్పెంటర్ తన మొదటి చిత్రమును మూడు లక్షల డాలర్లకు కొంచెము మించిన పెట్టుబడితో ముగించెను. హంతకుని ముసుగునకు కూడ ధనము లేక, స్టార్ ట్రెక్ ధారావాహికలోని కర్క్ పాత్ర ముఖమును పోలిన ఒక చవుక ముసుగును కొని తెచ్చి, దానికి తెల్లరంగు పూసిరి. ఆ తెల్లని ముఖమున ఏ భావమును లేకపోవుటయే చూచువారిని భయపెట్టినది. వాడేల చంపునో కార్పెంటర్ చెప్పలేదు. రాబ్ జోంబీ 2007లో దానిని మరల తీయుచు, హంతకుని బాల్యమును, వాని యింటి కలహములను, వాడు పడిన అవమానములను సుదీర్ఘముగా చూపెను. కారణము తెలిసినకొలది వాడు మనకు ఒక రోగిగా, ఒక దురదృష్టవంతునిగా కనబడును. జాలి పుట్టును, భయము తగ్గును. ఒక దర్శకుడు ఏమియు మార్చక చెడెను, వేరొకడు మార్చరాని దానిని మార్చి చెడెను.

ఇక మన నేలకు వత్తము. పాలకొల్లు పేరు చెప్పగనే పంచారామములలో ఒకటియగు క్షీరారామము, దాని తొమ్మిది అంతస్తుల గాలిగోపురము, కొబ్బరి వర్తకము జ్ఞప్తికి వచ్చును. కాని చలనచిత్రముల మాట వచ్చినప్పుడు కూడ ఈ పట్టణమును మరువరాదు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ గార్లు ఇక్కడివారే. ఇక్కడినుండి నరసాపురము మీదుగా పోయిన మొగల్తూరు వచ్చును. చిరంజీవి గారి ఊరది. మరల తీసిన భయానక చిత్రమునకు తెలుగున చక్కని ఉదాహరణము వెదకిన, అది ఈ మొగల్తూరు యువకుని తొలినాళ్ళ చిత్రములలోనే దొరకినది.

1980లో ఏ.వి.ఎం. వారు నిర్మింపగా రాజశేఖర్ దర్శకత్వమున పున్నమి నాగు విడుదల అయ్యెను. దీనికి మూలము హుణ్ణిమెయ రాత్రియల్లి అను కన్నడ చిత్రము. నరసింహరాజు కథానాయకుడు, రతీ అగ్నిహోత్రి కథానాయిక. కాని ప్రేక్షకుల మనస్సున నిలిచినది ప్రతినాయకుడగు నాగులు పాత్ర. పాములవాని కొడుకగు నాగులునకు తండ్రి పసితనము నుండి అన్నముతో పాటు విషమును అలవాటు చేసెను. పున్నమి రాత్రులలో వానియందు సర్పలక్షణము మేల్కొనును. వానిని చేరిన స్త్రీ ప్రాణములతో మిగులదు. అప్పటికి ఇరువది యైదేండ్లు నిండని చిరంజీవి గారు ఈ పాత్రను ధరించి, నటుడుగా గుర్తింపు పొందిరి.

ఇది కత్తి పట్టిన హంతకుని కథ కాదు. అయినను స్త్రీలు ఒకరి తరువాత ఒకరు బలియగుట, చంపుటకు ఒక నియతకాలము, ఒక ముద్ర యుండుట చూచిన, కత్తివేటు చిత్రమునకు ఇది దగ్గరి చుట్టమని ఒప్పుకొనవలెను. మరి ఇది తెలుగున ఏల నాటుకొనెను? ఈ భయము మన నేలలో ముందుగనే యున్నది. వరిచేల గట్ల మీద, కొబ్బరితోటలలో దీపము లేక నడచువానికి పాము భయము పుస్తకము చదివి నేర్చుకొనునది కాదు. కార్తికమాసమున నాగులచవితినాడు పుట్టలో పాలుపోసి మ్రొక్కు తల్లి, ఆ మ్రొక్కులో భయమును భక్తిని కలిపియే పోయును. కన్నడ దేశమున పుట్టిన కథ తెలుగు దేశమునకు వచ్చినప్పుడు విత్తనము మాత్రమే పొరుగువారిది, మన్ను మనదే. అందుచేత అది అనువాదమువలె తోచలేదు.

కోడి రామకృష్ణ గారికిని ఈ రహస్యము బాగుగా తెలియును. 1995లో అమ్మోరు చిత్రమున గ్రామదేవతను, 2009లో అరుంధతి చిత్రమున సంస్థానపు కోటను, సమాధిని, పగబట్టిన ప్రేతమును తెరకెక్కించిరి. అరుంధతి మరల తీసిన చిత్రము కాదు. కాని 2014లో దానినే వంగభాషలో మరల తీసిరి. ఒక పాలకొల్లు దర్శకుడు కల్పించిన భయము కలకత్తా వరకు నడచిపోయినదన్నమాట. 2019 ఫిబ్రవరిలో ఆయన పరమపదించిరి.

అదే సంవత్సరము ఆగష్టు 2వ తేదీన, నేటి ప్రసంగమునకు ముఖ్యవిషయమగు చిత్రము విడుదల అయ్యెను. దాని పేరు రాక్షసుడు. రమేష్ వర్మ దర్శకుడు. బెల్లంకొండ శ్రీనివాస్, అనుపమా పరమేశ్వరన్ ముఖ్యపాత్రధారులు. 2018 అక్టోబరులో రామ్‌కుమార్ తమిళమున తీసిన రాట్చసన్ దీనికి మూలము. రెంటికిని నడుమ పట్టుమని పదినెలలు మాత్రమే ఎడము.

కథను సంగ్రహముగా చెప్పెదను. ముడి విప్పను, చూడనివారు చూతురుగాక. చలనచిత్ర దర్శకుడు కావలెనని కోరిక గల యువకుడొకడు, హంతకుల మనస్తత్వమును గూర్చి వార్తాపత్రికల ముక్కలను, వివరములను ఏండ్ల తరబడి సేకరించి ఒక కథ వ్రాసికొనును. నిర్మాత దొరకడు. కుటుంబమునకు ఆధారము కావలసి, పోలీసుశాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరును. అప్పుడే నగరమున బడికి పోవు బాలికలు ఒక్కరొక్కరుగా మాయమై, శవములై దొరకుచుందురు. ప్రతి అపహరణమునకు గుర్తుగా ఒక కానుకల పెట్టె, అందులో చిత్రవధ చేసిన బొమ్మ తల. తాను కథకై నేర్చిన విద్య ఆ యువకునకు ఇప్పుడు పరిశోధనకు పనికివచ్చును. కాని పై అధికారులు వాని మాట పెడచెవిని పెట్టుదురు. ఇంతలో ఆ పెట్టె వాని బంధువుల ఇంటికే వచ్చును.

సగము పరిశోధన, సగము కత్తివేటు కలిసిన చిత్రమిది. మూలమునకును దీనికిని భేదమెంత? అతి స్వల్పము. ఘట్టముల వరుస అదే, మలుపులవే, నేపథ్య సంగీతమును కూర్చినది రెంటను జిబ్రానే, హంతకుని వేషము ధరించిన శరవణన్ అను నటుడును రెంట ఒక్కడే. వాన్ సాంట్ సైకోను తీసిన పద్ధతికి ఇది మిక్కిలి సమీపము. అయినను అది విఫలమయ్యెను, ఇది ప్రేక్షకుల మెప్పు పొందెను. నేను పైన చెప్పిన సిద్ధాంతమునకు ఇది విరుద్ధముగా కనబడుచున్నది గదా? కొంచెము ఆలోచింపవలసియున్నది.

మొదటి కారణము కాలము. సైకో రెండు రూపములకు నడుమ ముప్పదియెనిమిది ఏండ్లు గడచినవి. సభ తరము మారినది. రాక్షసుడు పది నెలలలో వచ్చినది. హిచ్‌కాక్ ఊపిరి వలె ఇక్కడి ఊపిరి పాతబడలేదు. రెండవ కారణము భాష. వాన్ సాంట్ ఆంగ్లము నుండి ఆంగ్లమునకే తెచ్చెను. ఇక్కడ తమిళము నుండి తెలుగునకు వచ్చినది. శబ్దానువాదము చేసిన సరిపోవును గదా, మరల తీయనేల యని అడుగువారు కలరు. ప్రేమకు, హాస్యమునకు అనువాదము కొంతవరకు చాలును. భయమునకు చాలదు. పెదవుల కదలికకు మాట అతుకకపోయినప్పుడు, ఇది ఎవరికో జరిగినదని మనస్సు ఊరట పొందును. తల్లి తన బిడ్డను పేరుపెట్టి పిలిచి, బదులు రాక, మరల పిలుచునప్పుడు ఆ పిలుపు మన ఇంటి భాషలో, ఆ పెదవుల మీదనే పుట్టవలెను. ఈ చిత్రమున కుమార్తెను పోగొట్టుకొను తండ్రిగా రాజీవ్ కనకాల నటించిన ఘట్టములు చూచిన, మరల తీయుట కెంత ప్రయోజనము కలదో తెలియును. అక్కడ తమిళము జ్ఞప్తికి రాదు.

రేడియో శ్రోతలకు ఒక సంగతి ప్రత్యేకముగా చెప్పదగియున్నది. భయము కంటి కంటె చెవి ద్వారా త్వరగా లోపలికి పోవును. కంటికి రెప్ప కలదు, చెవికి లేదు. తెర మీది దృశ్యము సహింపరానిదైనచో కన్ను మూసికొందుము. అప్పుడు శబ్దము ఇంకను పెద్దదగును. నాటకములు వినిపించు ఆకాశవాణి వారికి ఇది అనుభవమే. తలుపు కిర్రుమనుట, అడుగుల చప్పుడు, పిమ్మట నిశ్శబ్దము. ఇంతమాత్రముననే ఇంటిల్లిపాదియు వినువాద్యము దగ్గరకు జరుగుదురు. రాక్షసుడు చిత్రములో జిబ్రాన్ ఈ సూత్రమును ఎరిగియే పనిచేసెను. బాలికల వేడుకకు తగినట్టి ఒక తేలిక సంగీతమును హంతకునకు జోడించెను. తీయగా నున్న స్వరము వినబడగనే గుండె దడదడలాడును. హత్య తెరపై కనబడవలసిన పని లేకయే సంగీతము ఆ పని ముగించును.

ఇక దోషములు. మొదటిది, ఈ కథ జరుగు ఊరు ఏదో నాకు తెలియలేదు. పేరునకు హైదరాబాదు. కాని ఆ వీథులు, ఆ బడి, ఆ ఇండ్లు ఏ నగరమునందైన నుండవచ్చును. పున్నమి నాగు కథకు మన్ను దొరకినట్లు దీనికి దొరకలేదు; కుండీలో పెట్టిన మొక్కవలె తెచ్చి నిలిపిరి. మొక్క బ్రతికినది, పూచినది కూడ. వేరు మాత్రము నేలలోనికి దిగలేదు. 2022లో ఇదే కథను హిందీవారు కట్‌పుత్లీ అను పేరుతో తీసి, హిమాలయ సానువులలోని కసౌలి పట్టణమునకు మార్చిరి. స్థలము మారినది, మంచు వచ్చినది, కొండలు వచ్చినవి. కాని ఆ కొండలలో బ్రతుకు మనుష్యుల భయము రాలేదు. అందువలన స్థలము మార్చినంత మాత్రమున సరిపోదనియు, ఆ స్థలమున నివసించువారు దేనికి వెరతురో దర్శకుడు ముందుగా తెలిసికొనవలెననియు తేలుచున్నది.

రెండవ దోషము హంతకుని పూర్వకథ. చివరి భాగమున వాడేల రాక్షసుడయ్యెనో వివరింతురు. బాల్యమున సోకిన వ్యాధి, రూపవైకల్యము, తోటిపిల్లల ఎగతాళి, తిరస్కారము: ఇవి కారణములుగా చూపుదురు. ఇది మూలము నుండి మార్పు లేక వచ్చిన లోపమే. 2007 నాటి హాలోవీన్ వలె ఇక్కడను వివరణము భయమును పలుచన చేసినది. అంతకంటె బరువైన అభ్యంతరము వేరొకటి కలదు. రూపము వికలమైనవాని మనస్సు కూడ వికలమై క్రూరమగునను భావము మన కథలలో పాతది. మంథర గూని అని చెప్పి, దుర్బుద్ధిని గూనితో ముడిపెట్టిన జనులము మనము. నిజలోకమున అట్టి వ్యాధిగ్రస్తులు ఇతరులను బాధించుటకంటె ఇతరులచే బాధింపబడుటయే హెచ్చు. మరల తీయువానికి మూలమున లేని ఒక అవకాశము కలదు: మొదటివాడు చేసిన పొరపాటును దిద్దుట. తెలుగు చిత్రము ఆ అవకాశమును వదలుకొన్నది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఇట్టి చిత్రము ఏదైనను ఒక పరీక్షకు నిలువవలెను. యంత్రపు కన్ను కత్తి పక్షమున నిలిచినదా, కత్తికి ఎదుట నున్న బాలిక పక్షమున నిలిచినదా? భరతుడు రసములను ఎనిమిదిగా చెప్పెను. వానిలో భయానకమునకు స్థాయి భయము, బీభత్సమునకు స్థాయి జుగుప్స. రెండును ఒకటి కావు. మన ప్రాచీన నాట్యకారులు వధను రంగస్థలమున ప్రత్యక్షముగా చూపరాదని నియమించిరి. అది పిరికితనము చేత విధించినది కాదు. చంపుటను చూపిన క్షణముననే భయము ముగిసి రోత మొదలగునని వారెరుగుదురు. పాశ్చాత్య దేశములలో మరల తీసిన కత్తివేటు చిత్రములలో పెక్కు ఈ రేఖను దాటినవి. పాతదానికంటె నెత్తురు ఎక్కువ పోసిన భయము ఎక్కువగునని భ్రమపడినవి. హిచ్‌కాక్ స్నానపు గది ఘట్టమున హత్య జరుగు భాగము నిమిషము కంటె తక్కువ. అందు వాడిన నెత్తురు చాక్లెట్ పానకము. ఆ కొలది పానకము చేసిన పనిని తరువాతి వారి కడవల రంగునీళ్ళు చేయలేకపోయినవి.

రాక్షసుడు ఈ పరీక్షలో చాలవరకు నెగ్గినదని నా అభిప్రాయము. హత్యలను నేరుగా చూపుట తక్కువ. హత్య తరువాత మిగిలిన తల్లిదండ్రుల ముఖములను చూపుట ఎక్కువ. శవములను చూపిన తీరు మాత్రము కొన్నిచోట్ల అవసరమును మించినది.

ఐనను ఈ చిత్రమున అన్నిటికంటె భయంకరమైన ఘట్టము హంతకునిది కాదు. బడిలో ఒక ఉపాధ్యాయుడు కలడు. మార్కుల పేరుతో, దండన పేరుతో బాలికలను ఒంటరిగా పిలిచి, బెదిరించి, అసభ్యముగా ప్రవర్తించువాడు. వాని చేతిలో కత్తి లేదు. ముసుగు లేదు. వాడు ప్రతిదినము అందరి యెదుట నమస్కారము లందుకొనువాడు. బాలిక ఇంటికి వచ్చి చెప్పలేదు. చెప్పిన ఎవరు నమ్ముదురో తెలియదు. కానుకల పెట్టెలో బొమ్మ తల వచ్చుట నూటికి తొంబది తొమ్మిది ఇండ్లలో జరుగునది కాదు. ఈ రెండవ భయము అట్లు కాదు. ఇది ఏ ఊరనైన, ఏ బడియందైన పుట్టవచ్చును. చిత్రమంతటికిని ఊరు లేదంటిని. ఈ ఒక్క భాగమునకు మాత్రము ప్రతి ఊరును తన ఊరే. మరల తీసిన చిత్రము మన భాషలో, మన పిల్లల నోట పలికినందువలన కలిగిన గొప్ప ఫలము ఇదియే యని చెప్పుదును.

ఈ సందర్భమున గృహస్థులకు రెండు విషయములు మనవి చేయవలసియున్నది. బాలబాలికలను లైంగిక నేరముల నుండి కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. అట్టి నేరము జరిగినదని తెలిసియు పోలీసువారికి తెలుపకుండుట కూడ ఆ చట్టము క్రింద నేరమే. బడి పరువు పోవునని, ఇంటి పరువు పోవునని దాచిపెట్టుటకు చట్టము ఒప్పుకొనదు. ఆపదలో నున్న పిల్లల కొరకు 1098 అను టెలిఫోను సంఖ్య కలదు. ఈ సంఖ్యను పిల్లలకు కంఠస్థము చేయించుట పద్యము నేర్పుటకు తీసిపోదు.

రెండవది, ఇట్టి చిత్రములు ఇప్పుడు సినిమాహాలులోనే యుండవు. ఇంటిలోని టెలివిజనులో, చేతిలోని ఫోనులో ఏ వేళనైన తెరచుకొనును. హాలు ద్వారము కడ టిక్కెట్టు చింపువాడు పసివానిని ఆపగలడు. ఇంటిలో ఆపవలసినది తల్లిదండ్రులే. 2023లో చలనచిత్ర చట్టమును సవరించి, పెద్దల తోడుతో చూడదగిన చిత్రములను ఏడు, పదుమూడు, పదునారు ఏండ్ల వయఃపరిమితులుగా విభజించిరి. చిత్రము మొదలగునప్పుడు కనబడు ఆ చిన్న అంకెను చూచి తీరవలెను. పదుమూడేండ్లు దాటిన బాలికతో కలిసి కూర్చుండి ఉపాధ్యాయుని ఘట్టమును గూర్చి మాటలాడగలిగిన తల్లి, ఆ చిత్రము నుండి దర్శకుడు ఆశించినదానికంటె ఎక్కువ ప్రయోజనము పొందును. ఏడేండ్ల బాలుని నిద్ర చెడగొట్టుట వలన ఎవరికిని ప్రయోజనము లేదు.

ఇంతకును మరల తీసిన భయానక చిత్రము ఎప్పుడు ఫలించును? నాకు తోచినంతవరకు మూడు షరతులు కలవు. కథ పాతదైనను దానిని చెప్పు ఊపిరి నేటి సభదై యుండవలెను. పరాయినేల విత్తనమైనను ఇచ్చటి జనుల భయములో వేరు దిగవలెను. యంత్రపు కన్ను చంపువాని భుజము మీదుగా కాక, చావునకు వెరచువాని ప్రక్కన నిలిచి చూడవలెను. 1998 నాటి సైకో మొదటి షరతు కడనే తప్పిపోయినది. పున్నమి నాగు రెండవ దానియందు పూర్తిగా నెగ్గినది. రాక్షసుడు మొదటి దానిని కాలము యొక్క అనుగ్రహమున దాటినది. రెండవ దానియందు ఒక్క బడిగదిలో తప్ప తక్కిన చోట్ల తడబడినది. మూడవ దానియందు మెచ్చదగియున్నది. మూలమును చూచినవాడు దీనిని తప్పక చూడవలెనని చెప్పజాలను. మూలమును చూడని తెలుగు ప్రేక్షకుడు మాత్రము చూచినందులకు చింతింపడు.

మొగల్తూరు యువకుడు నాగులు వేషము వేసి నాలుగు దశాబ్దములు దాటినది. పాలకొల్లు నుండియో నరసాపురము నుండియో రేపు ఒక యువకుడో యువతియో బయలుదేరి, పొరుగు భాషలోని భయానక కథను మరల తీయవచ్చును. అట్టివారు ముందుగా తమ వీథిలోని తల్లులను అడుగవలెను: పొద్దు పోయిన పిమ్మట బిడ్డ ఇల్లు చేరకపోయినచో మీకు తోచు మొదటి భయమేమి? దానికి వచ్చు సమాధానమే వారి చిత్రమునకు మొదటి దృశ్యము కాదగును.

సెలవు.